ఒక రాయి ఎక్కువ

రాజు మావయ్య పోయిన నలభై మూడో రోజున పైడమ్మ అత్త ఫోన్ చేసి, "ఒకపాలి రాయే కుమారీ, నీకివ్వాల్సిందొకటుంది" అంది. మావయ్య మా అమ్మకు సొంత తమ్ముడు. సోనారిలో మా ఇంటి నుంచి పర్సుడీహ్‌లో వాళ్ల ఇంటికి వెళ్లాలంటే రెండు ఆటోలు మారి, స్టేషను దాటి అవతలకి పోవాలి. తలుపు తీసిన మనవరాలు "దాదీ, బువా ఆ గయీ" అని హిందీలో, అత్తొచ్చిందని నానమ్మకి కేకేసి మళ్లీ ఫోన్‌లో తల పెట్టేసింది. అత్త మంచం కింద నుంచి ఒక పాత పాలపొడి డబ్బా లాగి నా ఒళ్లో పెట్టింది. మూత మీద మేకుతో గీసిన మావయ్య పేరు ఉంది. ఆ అక్షరాలు నావే. పదకొండో ఏట నేనే గీశాను. ఊపి చూశాను, చప్పుడు రాలేదు. మూత తీస్తే, జిడ్డుతో బిగుసుకుపోయిన ఒక ఎర్ర గుడ్డ మడత, ఆ మడతలో ఒకే ఒక నల్లరాయి ఉన్నాయి. రాయికి ఒక అంచున నీలం గాజు చార ఉంది. ఆ రాయిని నలభై ఒక్క ఏళ్ల కిందట ఒకే ఒక్కసారి చూశాను. చూశానంటే, చూడలేదన్నారు.

దాని సంగతి చెప్పాలంటే మా సాయంత్రాల సంగతి చెప్పాలి. అప్పుడు మాది రెండు గదుల ఇల్లు. ఏరోడ్రోమ్ వైపు కిటికీ. చిన్న విమానం దిగినప్పుడల్లా అమ్మ పొయ్యి మీద గిన్నె మూత టకటకలాడేది. పొద్దున్నే బొగ్గుల కుంపటి వాసన, దాని వెనకాల ఆవపెట్టిన పనసపొట్టు వాసన, నాన్న చొక్కాకి ఎన్నిసార్లు ఉతికినా వదలని ఇనుము, గ్రీజు కలిసిన వాసన. నాన్నా, మావయ్యా నదికి అవతల ఆదిత్యపూర్‌లో ఒక చిన్న షెడ్డులో పనిచేసేవారు. ఇనుప రేకుల్ని నొక్కే ప్రెస్సు నాన్నది. మావయ్యది పక్క బల్ల. అప్పటికి పెళ్లికానివాడు, మా ఇంట్లోనే ఉండేవాడు. ఇద్దరూ ఒకే సైకిలు మీద వెళ్లేవారు. వెళ్లేటప్పుడు తొక్కేది నాన్న, వచ్చేటప్పుడు మావయ్య. ఈ వంతు ఎన్నడూ తప్పలేదని నాకు తెలుసు, ఎందుకంటే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. మెట్లు, కిటికీ ఊచలు, అమ్మ దోసె తిప్పిన సార్లు, అన్నీ లెక్కపెట్టేదాన్ని. బడిలో పదో తరగతి దాటలేదు గానీ, లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇవాళ ఇల్లు కట్టుకునేవాళ్లు నక్షా కాగితం పట్టుకొని మా గుమ్మానికి వస్తారు. ఎన్ని ఇటుకలు పడతాయో, ఏ స్తంభానికి ఎన్ని ఊచలు కావాలో చెబుతాను. చెప్పే ముందు మూడుసార్లు లెక్కపెడతాను. ఆ మూడుసార్లు ఎందుకో ఈ నెల దాకా నాకూ తెలియదు.

ఆ షెడ్డులో పనివాళ్లు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు ఒకటుండేది. ఎక్కడా రాసిలేదు. యంత్రంలో రేకు ఇరుక్కొని చెయ్యి లోపల పెట్టాల్సి వస్తే, ముందు మెయిన్ స్విచ్ ఆపి, దాని పిడికి ఒక ఎర్ర గుడ్డ కట్టాలి. గుడ్డ కనిపిస్తే ఎవరూ స్విచ్ ముట్టుకోరు. ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి. ఎవరి గుడ్డ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకునేవారు. నాన్నది అమ్మ పాత చీర ముక్క. ఒకరోజు చాయ్ వేళ అందరూ బయట ఉన్నప్పుడు నాన్న రేకు తీస్తున్నాడు. చాయ్ అయ్యాక యంత్రాలు చూసే మిస్త్రీ వచ్చి రోజూలాగే స్విచ్ వేశాడు. నాన్న కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి.

మిస్త్రీ పిల్లల మీద ఒట్టేసి చెప్పాడు, పిడికి గుడ్డ లేదని. అతను చెప్పింది నిజమే. అందరూ వచ్చి చూశారు, గుడ్డ లేదు. ఆసుపత్రిలో మొదటి రోజు అడిగినవాళ్లకి నాన్న "కట్టాను" అన్నాడు. మూడో రోజు "కట్టాననే అనుకుంటన్నాను" అన్నాడు. ఇంటికొచ్చిన వారానికి మాట ఇంకా సన్నబడింది. నెల తిరిగేసరికి, చూడవచ్చిన ప్రతివాళ్లకీ తనే ముందుగా చెప్పేవాడు, "నాదే గల్తీ. మరిసిపోయాను" అని. ఆ తర్వాత నాన్నకి ఒక అలవాటు పట్టుకుంది. తలుపుకు తాళం వేసి, దాన్ని ఎడమచేత్తో పట్టుకొని "ఏశాను" అని పైకి అనేవాడు. కుళాయి కట్టి "కట్టాను" అనేవాడు. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చి మళ్లీ చూసేవాడు. షెడ్డువాళ్లు చెయ్యి బాగుపడ్డాక గేటు దగ్గర వచ్చేపోయే సరుకు చూసే పని ఇచ్చారు. గేటు వేశాక కూడా "ఏశాను" అనేవాడట. అక్కడి కుర్రాళ్లు ఆ మాట పట్టుకొని ఆటపట్టించేవారు. నాన్న నవ్వేవాడు.

మావయ్య అన్నం మానేశాడు. అమ్మ తిట్టి, బతిమాలి, చివరికి ఏడ్చింది. ఒకరోజు సెలవు పెట్టి గయ రైలెక్కి వెళ్లిపోయాడు. ఎనిమిది రోజులకి తిరిగొచ్చినప్పుడు గుండు, చేతిలో బుద్ధుడి పటం ఉన్నాయి. అక్కడ ఒక ముసలి భిక్షువు దగ్గర కూర్చుని నేర్చుకొచ్చానన్నాడు. అమ్మ పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెంకటేశ్వరస్వామి పక్కన పెట్టింది. "మరి ఈయనకి నైవేద్యం ఏటెట్టాలి?" అని అడిగింది.

"ఏటీ వద్దప్పా. మనం రోజంతా ఏటి సేత్తన్నామో మనకి తెలిసుండాల. అదే నైవేద్యం" అన్నాడు మావయ్య. అక్కని అప్పా అనే పిలిచేవాడు.

"ఓలమ్మ, అయితే బెల్లం మిగిలిందే" అంది అమ్మ.

ఆ ఆదివారం మావయ్యా నేనూ దోముహానీకి వెళ్లాం, రెండు నదులు కలిసే చోటికి. ఇసుకలో గోళీలంత తెల్లరాళ్లు ఏరాం. తిరిగి వస్తూ రోడ్డు పక్క పోసిన స్లాగ్ కుప్పలో నల్లవి ఏరాం. కొలిమిలో ఇనుము తీశాక మిగిలే చెత్త అది, చల్లారితే బొగ్గులాంటి రాయి అవుతుంది. ఇంట్లో నాలుగు పాలపొడి డబ్బాలు కడిగి, నాన్నది, అమ్మది, మావయ్యది, నాది అని పేర్లు గీశాను. సాయంత్రం దీపం పెట్టాక, కంచాలు వేసే ముందు, నలుగురం చాప మీద కూర్చునేవాళ్లం. కళ్లు మూసుకొని కొంతసేపు ఊపిరి మీద మనసు పెట్టాలి. తర్వాత ఆ రోజంతా తలచుకోవాలి. ఎరుకతో నడిస్తే డబ్బాలో తెల్లరాయి, మరిచి తప్పుచేస్తే నల్లరాయి. కారణం చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు. విన్నవాళ్లు ఏమీ అనకూడదు. ఇంకో నియమం మాటకి సంబంధించింది. నోరు తెరిచే ముందు మూడు ఊపిరులు తీసుకొని మూడు అడగాలి. ఇది నిజమా? మేలు చేసేదా? సమయమా?

"పులుసులో ఉప్పెక్కువైందని మీ బావ అనబోయాడు" అని అమ్మ మావయ్యతో ఫిర్యాదు చేసేది. "మూడూపిర్లు తీసుకున్నాడు. ఈలోపు పులుసు సల్లారిపోయింది. మళ్లీ ఎచ్చబెట్టింది నాను."

"కోపం సల్లారింది గదప్పా?"

"ఆయనది సల్లారింది. నాదే మండతంది."

ఇప్పుడు కోపంతో రాస్తున్నాను గనుక ఆ సాయంత్రాలను తక్కువ చేసి చెప్పకూడదు. ఆ చాప మా ఇంటిని నిలబెట్టింది. వేళ్లు పోయిన కొత్తలో నాన్న గోడకు తిరిగి పడుకునేవాడు. ఎడమచేత్తో ముద్ద కలపడం చేతకాక కంచం తోసేసేవాడు. రాళ్లు మొదలైన నెలకి, మిగిలిన మూడు వేళ్లతోనే ముద్ద కలుపుకోవడం నేర్చుకున్నాడు. "వొకటే పని సూడు బావా. ముద్ద కలిపినప్పుడు ముద్దే, ఇంకేటీ వద్దు" అని మావయ్య పక్కన కూర్చొని చెప్పేవాడు. అంత ఓపికగా ఎవరికీ ఎవరూ ఏదీ నేర్పడం నేను చూడలేదు. నేను కూడా లెక్క తప్పు వస్తే పలక విసిరేయడం మానేశాను. నాన్న డబ్బాలో మాత్రం నల్లరాళ్లు ఎక్కువ. రాయి వదిలేటప్పుడు ఆయన ఒకే మాట అనేవాడు, "గుడ్డ" అని. మొదట్లో రోజూ అనేవాడు. తర్వాత రెండు రోజులకో, మూడు రోజులకో అనేవాడు. ఆ మాటకి మావయ్య ఎన్నడూ కళ్లు తెరిచేవాడు కాదు. ఆయన ధ్యానం ఎంత లోతైనదో అనుకునేదాన్ని.

ప్రతి పున్నమికీ డబ్బాలు బోర్లించి, ఎవరికి ఎన్ని తెలుపో, ఎన్ని నలుపో చూసి, రాళ్లన్నీ మళ్లీ ఒక బేసినులో కలిపేసేవాళ్లం. లెక్క నాది. రోజుకొక రాయి గనుక పున్నమి నుంచి పున్నమికి నలుగురికీ సమానంగా రావాలి, ముప్ఫై గానీ ఇరవై తొమ్మిది గానీ. మూడో పున్నమికి నాన్నకి ముప్ఫై, అమ్మకి ముప్ఫై, నాకు ముప్ఫై వచ్చాయి. మావయ్యకి ముప్ఫై ఒకటి. ఆయన నల్లవాటిలో ఒకదానికి నీలం గాజు చార ఉంది. దీపం వెలుగులో మెరిసింది గనుక గుర్తుండిపోయింది.

"మావయ్యా, నీకొకటి ఎక్కువుంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "లెక్క తప్పావే అమ్మీ."

"తప్పలేదు. రెండుసార్లు ఎంచాను."

"అయితే ఇలగియ్యి, నానెంచుతాను సూడు." రాళ్లన్నీ దోసిట్లోకి తీసుకొని, ఒక్కొక్కటే చాప మీద వదులుతూ పైకి లెక్కపెట్టాడు. ముప్ఫై దగ్గర ఆగి ఖాళీ చేతులు చూపించాడు. నీలం చార రాయి చాప మీద లేదు.

"నీలం గీత ఉన్న రాయేదీ?"

"ఏటి నీలం? రాళ్లకి నీలమేటి? లెక్కెట్టినప్పుడు నీ మనసెక్కడుందో సూసుకో."

నాకు ఏడుపొచ్చింది. తప్పని ఒప్పుకోవడం కంటే, చూసినదాన్ని చూడలేదనుకోవడం కష్టం. నాన్న నన్ను దగ్గరికి లాక్కొని, కట్టు విప్పిన ఆ చేత్తోనే నా తల నిమిరాడు. "పర్లేదమ్మా. అలగే ఉంటాది. నానూ కట్టాననే అనుకున్నాను గదా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు అనుమానం మిగల్లేదు. మర్నాడు నా డబ్బాలో నల్లరాయి వేసి "లెక్క" అన్నాను. ఇక నుంచి ఎవరి డబ్బా వాళ్లే ఎంచుకుందామని మావయ్య అన్నాడు. అది కూడా నా మేలుకే అనుకున్నాను. అప్పటి నుంచి దేన్నయినా మూడుసార్లు లెక్కపెడతాను. మూడుసార్లూ ఒకటే వచ్చినా, నాలుగోసారి ఎవరైనా నవ్వుతూ తప్పన్నారంటే తప్పేననుకుంటాను.

ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకొని అత్త వైపు చూశాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ చెప్పింది. మావయ్య చేతుల నిండా ఆ రోజు గ్రీజు. చాయ్‌కి వెళ్తూ స్విచ్ పిడికి వేలాడుతున్న గుడ్డ కనబడింది. తుడుచుకోవడానికి లాగాడు. ఏం లాగాడో చూసుకోలేదు. నాన్న యంత్రం వెనక వంగి ఉన్నాడు. తుడుచుకుంటూ బయటికి నడిచాడు. కేక వినబడి పరిగెత్తినప్పుడు గుడ్డ చేతిలోనే ఉంది.

"జేబులో కుక్కుకున్నాడు. జేబులో ఎట్టుకునే మీ నాన్నని ఆసుపత్రికి ఎత్తుకెళ్లాడు" అంది.

"నీకెప్పుడు తెలిసింది అత్తా?"

"పెళ్లయిన రెండో ఏడు. కక్కినట్టు సెప్పేశాడు. ఆ గుడ్డ తప్పుకని, పున్నమి దాటగానే ఆ రాయి డబ్బాలో ముందు ఏసీవోడు. మళ్లీ పున్నమికి నువ్వెంచేముందు తీసీసీవోడు. ఆ ఒక్కపాలి మరిసిపోయాడంట."

"ముప్ఫై ఏడేళ్లు. నువ్వూ చెప్పలేదు."

"సెప్తే ఏటొచ్చును? మీ అమ్మకి తమ్ముడు పోయీవోడు. మీ నాన్నకి బావమరిది పోయీవోడు. పోయిన ఏళ్లు తిరిగొత్తాయేటి?"

"వేళ్లు రావు అత్తా. కట్టానన్న మాట వచ్చేది."

అత్త డబ్బా మూత తీసుకొని కొంగుతో తుడిచింది. "ఆడు సెడ్డోడు కాదే" అంది.

నాకు తెలుసు. అందుకే మింగుడు పడటం లేదు. చెడ్డవాడైతే లెక్కలో ఎక్కడ కొట్టేయాలో తెలిసేది. ఆటోలో కూర్చున్నాక అలవాటు కొద్దీ ఊపిరి మీద మనసు పెట్టాను. మూడో ఊపిరికి కోపం కొంచెం తగ్గింది. తగ్గినందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. తగ్గించుకునే విద్య నేర్పింది కూడా ఆయనే గదా. నా జీవితంలో నిజంగా పనికొచ్చిన విద్య అదొక్కటే. భర్త పోయినప్పుడూ, అమ్మ మంచాన పడి పద్నాలుగు నెలలు తీసుకున్నప్పుడూ అదే నన్ను నిలబెట్టింది. దాని మొదట్లో ఆ గుడ్డ ఉంది. మావయ్య మా నాన్న మనసుని మా నాన్నకే అబద్ధం చేసి, ఆ మనసుని సరిదిద్దుకునే దారి ఆయనకే చూపించాడు. నిజమా, మేలా, సమయమా అని మాకు నేర్పి, తను మాత్రం రెండో ప్రశ్న వెనక నలభై ఏళ్లు కూర్చున్నాడు. నాన్నకి చెప్పాలా అని ఆ ప్రశ్నలే నేనూ వేసుకున్నాను. నిజమే. సమయమా అంటే నలభై ఒక్క ఏళ్లు ఆలస్యం. మేలా అన్నది మూడుసార్లు వేసుకున్నా తేలలేదు. నాన్నకి డెబ్బై తొమ్మిది.

ఇంటికొచ్చేసరికి వరండాలో ఎండ ఇంకా ఉంది. నాన్న కుర్చీలో కూర్చొని మూడు వేళ్లతో బఠాణీలు ఒలుస్తున్నాడు. ఇప్పుడు కుంపటి లేదు, గిన్నె మూతలు టకటకలాడవు, చాప మీద నలుగురికి ఇద్దరమే మిగిలాం. రాళ్లు మాత్రం అవే.

"అత్త ఏటిచ్చింది?"

డబ్బా ఇచ్చాను. మూత తీసి, రాయి పక్కన పెట్టి, గుడ్డ మడత విప్పాడు. జిడ్డు కింద తెల్ల చుక్కలు కనబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది మీ అమ్మ సీర."

అవునన్నాను. అత్త చెప్పినదంతా చెప్పాను. ఏదీ కలపలేదు, ఏదీ తగ్గించలేదు. అయిపోయాక నాన్న ఒళ్లో ఉన్న బఠాణీ పళ్లెం కింద పెట్టి, ఆ గుడ్డని కుర్చీ చేతికి చుట్టాడు. మూడు వేళ్లతో ముడి పడలేదు. జారింది. నేను సాయం వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మూడోసారికి పడింది. లాగి చూశాడు.

"కట్టాను" అన్నాడు.

రోజుకి పదిసార్లు వినే మాటే. తాళానికీ కుళాయికీ చెప్పినట్టు మాత్రం లేదు. ముడి మీద బొటనవేలు నొక్కి చూశాడు. తర్వాత, "దీని కోసం ఎన్ని నల్లవి ఏసుంటాను నాను?" అని అడిగాడు.

ఊళ్లో వాళ్లకి ఇటుకలు లెక్కపెట్టే నేను, దానికి లెక్క చెప్పలేకపోయాను. ప్రతి పున్నమికీ అన్నీ ఒకే బేసినులో కలిపేశాం.

"తెలీదు నాన్నా."

తల ఊపాడు. నీలం చార రాయిని ఎండలోకి పట్టుకొని తిప్పాడు. "నువ్వన్నావు, ఒకటెక్కువుందని. నువ్వు సిన్నదానివి, ఏడిసావు కూడాను." రాయి పక్కన పెట్టాడు. "నీతో నానేటన్నాను అప్పుడు?"

ఆ మాట అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. నా తల మీద ఆ చెయ్యి బరువు కూడా గుర్తుంది. మూడు ఊపిరులు తీసుకున్నాను.

"గుర్తు లేదు నాన్నా" అన్నాను.

సాయంత్రం దీపం పెట్టి చాప వేశాను. నాన్న కుర్చీలోంచి లేవలేదు. ఇవాళ వద్దమ్మా అన్నాడు. నేనొక్కదాన్నే కూర్చుని, బేసినులో చెయ్యి పెట్టకుండా, పక్కనున్న ఆ నీలం చార నల్లరాయిని తీసి నా డబ్బాలో వేశాను. ఆ రోజుకి ఒక రాయి. ఎక్కువా కాదు, తక్కువా కాదు.